ప్రార్థన నూనె కూడా నూనే

ఆదివారం. పడమటి గాలి.

నా గొంతు మందిరంలో మూడో వరస దాటదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఈ రోజు ఆరాధనలో లేచి రెండు మాటలు చెబుదామనుకున్నాను. గొంతు సవరించుకునేలోగా వెనక నుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. నేనూ రెండు చరణాలు పాడి కూర్చున్నాను. ఇంటికొచ్చినా ఆ రెండు మాటలూ గొంతులోనే ఉన్నాయి. అందుకని పదో తరగతి తరవాత ఇన్నేళ్ళకి కలం పట్టుకున్నాను. కాగితం మధ్యలో ఎవరూ పాట ఎత్తుకోరు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. మూడో తిత్తి మా పాపం వల్ల ఊడలేదు.

మా మబ్బులపాలెం ఇళ్ళని గాలిలో మోసే గ్యాసు తిత్తుల్లో మూడోది మొన్న గురువారం పొద్దెక్కాక ఊడింది. తిత్తి మెడ దగ్గర పొర లేచి, గ్యాసు బయటికి పోతుంటే, కింద వేలాడే ఇళ్ళ వరస మొత్తం ఒక పక్కకి ఒరిగింది. గిలకల దగ్గరున్న మగవాళ్ళు తాళ్ళు వదులుతూ దాన్ని కింద నేల మీదికి దించారు. నేల ఆ వేళకి పెనంలా ఉంటుంది. చెప్పుల్లేని వాళ్ళని వీపుల మీద మోసుకుని మళ్ళీ పైకి తెచ్చారు. అందరూ బతికారు, సలోమమ్మ గారు తప్ప. ఆవిడ మంచం కిటికీ పక్కన ఉంది. వరస ఒరిగినప్పుడే జారిపోయారు.

సలోమమ్మ గారు మా సంఘ కాపరి ఏలీషా అయ్యగారికి అక్క. ఆయన్ని పెంచింది ఆవిడే.

తిత్తి పొరకీ, దాని మెడకుండే లోహపు కడియానికీ మధ్య కుట్టు ఉండదు, మేకు ఉండదు. చిల్లు పడితే గ్యాసు ఆగదు. జిగురు ఒక్కటే ఆధారం. ఇళ్ళన్నీ ఆ కడియాన్నే పట్టుకుని వేలాడతాయి. ఆ జిగురు పెట్టేది అతుకుల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళం. కాబట్టి ఈ రోజు అయ్యగారు మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, "మీ షెడ్డులో దాచుకున్న పాపం ఏదో ఉంది. లేచి ఒప్పుకోండి తల్లీ" అని ఏడ్చారు. ఒకామె అత్తగారిని తిట్టుకున్నానంది. ఇంకొకామె మంచు వలలో నీళ్ళు వంతుకు మించి పిండుకున్నానంది. అత్తగారిని తిట్టుకుంటే ఒక వరస ఇళ్ళు కూలతాయా? అలాగైతే మబ్బులపాలెం ఎప్పుడో నేల కరిచేది.

నా కూతురు కెజియాకి ఇల్లు నాలుగో తిత్తి కింద వచ్చింది. దానికి చంటిపిల్ల. నాలుగో తిత్తి కడియం ఇంకా మా షెడ్డులోనే ఉంది.

మంగళవారం. గాలి లేదు.

గాలి లేని రోజు మంచు వలలు పిండితే చెంబుడు నీళ్ళు కూడా రావు. ఉన్న నీళ్ళతోనే పప్పు ఉడకేసి, ఉప్పేసి దించాను. షెడ్డులో పనిచేసే వాళ్ళ ఇళ్ళలో తాలింపు పెట్టకూడదు. తలకి నూనె రాయకూడదు. నా జుట్టు గడ్డివాములా ఉంటుంది. మా ఆయన జక్రయ్య గిలకల దగ్గర పనిచేస్తాడు. కంచం ముందు కూర్చుని రోజూ అనే మాటే ఈ రోజూ అన్నాడు.

"ఆవాలు చిటపటలాడి ఎన్నాళ్ళయిందే! పైలోకం పోయినాకైనా తాలింపు పెడతావా?"

"మనం ఉండేది పైలోకంలోనే కదా. తినండి" అన్నాను.

మా షెడ్డులో చేరిన పిల్లలకి మొదట నేర్పే మాట ఒకటుంది. "లోహాన్ని ఆకలితో ఉంచాలి." కడియాన్ని గీకి, కడిగి, దాని మీద నీలిమెరుపు దువ్వెన నడిపిస్తాం. చిన్న చిన్న నీలం మెరుపులు పళ్ళలా దిగే పనిముట్టు అది. దానితో లోహం మీదున్న జిడ్డు, దుమ్ము, కంటికి కనపడనిదంతా పోతుంది. అప్పుడు లోహం ఆకలిగొన్నదవుతుంది. జిగురు పోస్తే దాన్ని మీదికంటా లాక్కుని పరుచుకుంటుంది. తిత్తి పొర దీనికి పూర్తిగా ఎదురు. ప్లాస్టిక్ కదా, దానికి పుట్టుకతోనే ఆకలి తక్కువ. ఏదీ అంటనివ్వదు. దాని అంచుకి కూడా దువ్వెన నడిపి కాస్త ఆకలి పుట్టించాలి. ఈ ఆకలి ఎక్కువసేపు ఉండదు. ఆ పూటకి ఆ పూటే జిగురు పడాలి. ఆకలి మీదున్న వాడు ముందు ఏది పెడితే అది తింటాడు. చెయ్యి పెడితే చేతి జిడ్డు తింటుంది. ఆ తరవాత పాయసం పెట్టినా నోరు తెరవదు.

ఇది మా ఇన్‌చార్జి ఇందుమతి గారు చెప్పింది. ఆమె దీన్నంతటినీ ఉపరితల శక్తి అంటారు. మాకు ఆకలి అంటేనే తెలుస్తుంది.

గురువారం. పడమటి గాలి, కొంచెం దుమ్ము.

పడిపోయిన మూడో తిత్తి కడియాన్ని ఈ రోజు పైకి లాగి షెడ్డులో దించారు. దాని మీద తిత్తి పొర చిరిగి ఇంకా పేలికలు పేలికలుగా అంటుకునే ఉంది. అంటే జిగురు బాగానే పట్టింది. పొర చిరిగిందే కాని జిగురు వదల్లేదు. కాని అక్కడక్కడ ఖాళీలు ఉన్నాయి. ఆ ఖాళీల్లో లోహం నున్నగా, అద్దంలా మెరుస్తోంది.

మొదట చూసింది పక్క బల్ల దగ్గర పనిచేసే తబితా.

"దయామణక్కా! ఇటు రాయే, ఇటు రా! సిలువే! సిలువ గుర్తు పడిందే!"

నిజమే. ప్రతి ఖాళీ సిలువ ఆకారంలోనే ఉంది. నిలువు గీత, అడ్డ గీత, బొటనవేలంత వెడల్పు. కడియం చుట్టూ ఉన్నాయి. తబితా మోకాళ్ళ మీద పడింది. మేమందరం పడ్డాం. నేనూ చెంగు తల మీదికి లాక్కుని ఏడ్చాను. పక్కింట్లో అగ్గి రాజుకున్నంత వేగంగా కబురు పాకింది. అంతలోనే మందిరంలో గంట కొట్టారు.

ఇందుమతి గారు మాత్రం మోకరించలేదు. ఆమె మా మందిరానికి రారు. గోడకి ఆనుకుని నిలబడి చేతులు కట్టుకుని మా ఏడుపు అయ్యేదాకా ఆగారు.

శుక్రవారం. పడమటి గాలి.

పొద్దున అందరికన్నా ముందు షెడ్డుకి వెళ్ళాను. ఇందుమతి గారు అప్పటికే ఉన్నారు.

"మేడం, నిన్న మీరేమీ అనలేదు" అన్నాను.

"నేనేమన్నా మీవాళ్ళు వినరక్కా. మందిరానికి రానిది మాట్లాడుతోందంటారు. మీరే చూడండి."

ఒక లోహపు ముక్క తీసి దువ్వెన నడిపారు. దాని మీద నీళ్ళు చల్లారు. నీళ్ళు తడిబట్ట పరిచినట్టు ఒక్కటే పొరగా పరుచుకున్నాయి. ముక్క ఆరబెట్టి, మళ్ళీ దువ్వి, "ఇప్పుడు మీరు చేయండి, అయ్యగారు చేసినట్టే" అన్నారు. జిగురు పోసే ముందు అయ్యగారు ప్రతి కడియం మీదా ప్రార్థన నూనెతో సిలువ గుర్తు పెట్టి తుడుస్తారు.

నా సంచిలో ప్రార్థన నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది. పిల్లకి జ్వరం వస్తే నుదుటికి రాయడానికి. బొటనవేలికి అద్దుకుని ముక్క మీద సిలువ గీశాను. అయ్యగారు చేసినట్టే తెల్లబట్టతో శుభ్రంగా తుడిచాను. కంటికి ఏమీ కనపడలేదు. నీళ్ళు చల్లాను.

చుట్టూ నీళ్ళు పరుచుకున్నాయి. నేను గీసిన చోట మాత్రం తామరాకు మీద పడ్డట్టు బొట్లు బొట్లుగా నిలబడ్డాయి. నీటి బొట్లతో చేసిన సిలువ. అది దేవుడు గీసింది కాదు. నేను గీసింది.

తలకి నూనె వద్దన్నాం, తాలింపు వద్దన్నాం, చేతులకి తొడుగులు వేసుకున్నాం. ప్రార్థన నూనె మాత్రం మాలో ఎవరికీ నూనెలా కనపడలేదు. అది అభిషేకం. దాన్ని నూనె అని అనుకోవడమే తప్పుగా ఉండేది. ఇందుమతి గారు రెండో తిత్తి నాడే ఒకసారి నోరు తెరిచారట. సంఘ పెద్ద ఓబద్యా ఆమెని, "అభిషేకాన్ని వంటనూనెతో పోలుస్తావా?" అని గెంటినంత పని చేశాడట.

మొదటి తిత్తికి అయ్యగారు ఒక్క గుర్తే పెట్టారు. అది ఇప్పటికీ నిలబడి ఉంది. రెండోదానికి నాలుగు దిక్కులా పెట్టారు. ఒక పక్క గ్యాసు కాస్త కారింది, అతుకు వేశాం. భయపడి మూడోదానికి చుట్టూ పెట్టారు. ఊడింది.

సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన సలోమమ్మ గారి చీరలు మడతపెడుతున్నారు. నన్ను చూసి పీట చూపించారు.

"రా తల్లీ. నాకొక్కటి అర్థం కావట్లేదమ్మా. మా అక్క ఉండే వరస కదా అని, ఆ పక్క ఇంకో మూడు గుర్తులు ఎక్కువ పెట్టాను. నా చేత్తో పెట్టాను. అదే పక్క ఊడిందేంటమ్మా?"

ఆ పక్కే ఎందుకు ఊడిందో నాకు తెలుసు. తెలిసిన ఆ ఒక్క మాటా ఆయనకి చెప్పడమంటే, మీ వేలే మీ అక్కని తోసిందని చెప్పడమే. ఆయన చేతిలోని చీర నేను తీసుకుని మడతపెట్టాను.

మడతపెట్టాక ఒకటి అడిగాను. "అయ్యగారూ, నాలుగోదానికి జిగురు ఆరినాక బయటి పక్క దీవించండి. సీసా మొత్తం పోసినా సరే. ముందు మాత్రం వద్దండి."

"పునాది పడ్డాక ప్రార్థన చేస్తారా తల్లీ? ముందే చెయ్యాలి. పైగా గుర్తు కనపడింది కదా. తుడిచిన తరవాత కూడా అభిషేకం చెరిగిపోలేదని దేవుడు చూపించాడు. ఈసారి గుర్తులు కాదు. కడియం మొత్తం అభిషేకించాలి."

వందనాలు చెప్పి వచ్చేశాను.

ఆదివారం. గాలి ఉత్తరానికి తిరిగింది.

మందిరంలో ప్రకటించారు. నాలుగో కడియానికి బుధవారం మధ్యాహ్నం సంపూర్ణ అభిషేకం. అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు. నాకు తెలిసినంతలో, దేవుని సన్నిధిలో స్తోత్రం అనకుండా కూర్చోవడం ఇదే మొదలు.

ఇంటికొచ్చాక కెజియా చంటిదాన్ని నా ఒళ్ళో పడేసి నా ఎదురుగా కూర్చుంది.

"ఏందమ్మా అట్టా ఉన్నావు? నాన్నతో గొడవా?"

దానికి అంతా చెప్పాను. అది విని పిల్ల కాలి గజ్జె సరిచేసింది.

"ఆ ఇల్లు వద్దని రాసిస్తానులేమ్మా. ఇక్కడే నీ దగ్గరే ఉంటాం" అంది.

"నువ్వు రాకపోతే ఆ గదిలోకి ఇంకొకామె చంటిపిల్లతో వస్తుంది" అన్నాను.

"అయితే చెప్పు. నిలబడి చెప్పు."

"అయ్యగారు బతకలేరే."

"అయితే ఏం చేస్తావు?"

"చెప్పను. చెయ్యనివ్వను."

అది నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నువ్వు? నువ్వు దోమని తోలాలన్నా దానికి చెప్పి తోలతావు కదమ్మా" అని నవ్వింది. తరవాత కళ్ళు తుడుచుకుంది.

బుధవారం. గాలి ఉత్తరం, మందంగా.

పొద్దున ఉపవాసం పట్టాను. ఇందుమతి గారిని ఒకటే అడిగాను. దువ్వెన పొద్దున్నే నడిపించమన్నాను, మధ్యాహ్నానికి జిగురు సిద్ధంగా ఉంచమన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు.

దువ్వెన తిరిగాక కడియం మీద నీళ్ళు చల్లి చూశాం. కడియం చుట్టూ ఒక్క బొట్టు నిలబడలేదు. ఆరబెట్టాం. తబితా పొర అంచు దువ్వడం మొదలుపెట్టింది. బయట పాట వినపడింది. అయ్యగారు, వెనకాల సంఘ పెద్దలు, వాళ్ళ వెనకాల ఊరు. ఓబద్యా చేతిలో పెద్ద నూనె కూజా.

నేను బయటికి వెళ్ళి షెడ్డు తలుపు మూసి దాని ముందు నిలబడ్డాను. చెంగు తల మీద కప్పుకున్నాను.

"వందనాలండీ" అన్నాను.

"వందనాలమ్మా. పక్కకి జరుగు" అన్నాడు ఓబద్యా.

"జరగనండీ."

"ఏందీ?"

"లోపల కడియం ఉపవాసంలో ఉంది. పొద్దుట్నుంచీ ఆకలితో ఉంచాం. ఉపవాసం ఉన్నవాళ్ళ నోట్లో నూనె పోస్తామా అన్నా?"

వెనక ఎవరో నవ్వారు. "కడియానికి ఉపవాసం అంట! ఈమెకి ఎండ తగిలినట్టుంది" అని ఒకాయన. "నోట్లో నాలుక లేదనుకున్నాం, ఇప్పుడు చూడు!" అని ఇంకొకామె.

"దీవెనని అడ్డుకుంటున్నావు దయామణీ. ఏం చేస్తున్నావో తెలుస్తోందా?" అన్నాడు ఓబద్యా.

"దీవెనకి అడ్డం లేనండీ. ఇక్కడ్నించే చెయ్యెత్తి దీవించండి. చెయ్యెత్తితే చాలదా? చెయ్యి ఆనితేనే దీవెనా?"

నా గొంతు మూడో వరస దాటదని ముందే రాశాను. వాళ్ళంతా నోళ్ళు మూసుకుంటే తప్ప వినపడదు. కాబట్టి నేను చెప్పిందే మళ్ళీ చెప్పాను, అంతే మెల్లగా. మళ్ళీ చెప్పాను. కొంతసేపటికి వినడానికి వాళ్ళే ఊరుకున్నారు.

ఓబద్యా నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరపబోయాడు. వెనక తలుపు తెరుచుకుంది. తబితా బయటికొచ్చి నా పక్కన నిలబడింది. మోకాళ్ళ మీద పడి ఏడ్చిన తబితానే. "నేనేం మాట్లాడనన్నా. ఊరికే నిలబడతా" అంది. దాని వెనక మిగిలిన వాళ్ళు వచ్చారు, ఒకరిద్దరు జిగురు దగ్గర ఉండిపోగా.

అయ్యగారు నా వంక కూడా చూడలేదు. తలుపు సందులోంచి కడియం వంకే చూస్తున్నారు.

"అయ్యగారూ, లోహం ఆకలి ఆగదండీ" అన్నాను.

ఆయన చెయ్యెత్తారు. చాలా చిన్న ప్రార్థన చేశారు. నేను తలవంచి ఆమెన్ అన్నాను, గట్టిగానే. తలుపు మూసి జిగురు పోశాం.

శనివారం. తూర్పు గాలి, చల్లగా.

కడియాన్ని బరువు కట్టి లాగి చూశారు. ఇసుక మూటలు ఇళ్ళ బరువుకి రెండింతలు వేశారు. పట్టు తప్పలేదు. పక్కన అతికి ఉంచిన నమూనా ముక్కని తెగేదాకా లాగితే పొర చిరిగింది కాని జిగురు వదల్లేదు. ఇందుమతి గారు నా చెయ్యి పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నారు.

వరస కట్టారు. కెజియా వాళ్ళ సామాను ఎక్కించింది. జక్రయ్య గిలక తిప్పుతూ, "మీ అమ్మ గడ్డిజుట్టు మీద ఆన, ఇది ఊడదు" అని దానితో అన్నాడట.

ఆదివారం. తూర్పు గాలి.

ఈ రోజు ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం. దానికి ముందు నన్ను పెద్దల ముందు నిలబెట్టారు.

"అభిషేకాన్ని ఎందుకు అడ్డుకున్నావు?" ఓబద్యా అడిగాడు. "నూనె వల్ల చెడుతుందంటావా? అంటే మూడో తిత్తి నూనె వల్లే పడిందంటావా? చెప్పు, ఉన్నదేదో సంఘం ముందు చెప్పు."

నేను ఏం చెప్పినా అది నా ఎదురుగా కూర్చున్న మనిషి మీద పడుతుంది. ఆయన తల దించుకుని ఉన్నారు. ఆయన బొటనవేలు పిడికిలిలో దాచుకుని ఉన్నారు. ఆయనకి తెలిసిందా, తెలియలేదా? నాకు తెలియదు. అడగను.

"ఆ రోజు ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. ఇకముందూ పడనివ్వను" అన్నాను.

"తప్పయిందని ఒక్క మాట అను. బల్లకి రావచ్చు."

"తప్పు కాలేదండీ."

అందుకని బల్లలోంచి వెలివేశారు. తప్పు ఒప్పుకునేదాకా అట. అందరూ రొట్టె తీసుకుంటుంటే నేను గుమ్మం బయట కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళుగా తప్పని బల్ల. కాని నేను బయట కూర్చున్నంత మాత్రాన దేవుడు లోపలే ఉండిపోతాడా? ఆయన గుమ్మం దాటలేడని నాకెవరూ చెప్పలేదు.

ఇందుమతి గారు మధ్యాహ్నం వచ్చి కోపగించుకున్నారు. "ఆ కడియం తెచ్చి అందరి ముందూ పడేస్తే పోయేదానికి ఇదంతా ఏంటక్కా? మీరు నిజం దాస్తున్నారు."

"కడియాన్ని నేను కాపాడతాను మేడం. ఆయన్ని కూడా."

"ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడతారా?"

"నిలబడతాను."

బుధవారం. గాలి లేదు.

ఐదో తిత్తి కడియం వచ్చింది. మళ్ళీ అభిషేకం పెడతారని పెద్దలు అంటున్నారు. ఆ రోజు నాకు సెలవు రాశారు, షెడ్డులోకి రావద్దన్నారు. తబితా పొద్దున వచ్చి, "అక్కా, నువ్వు రాకపోతే మేమే నిలబడతాం" అంది. నేను వస్తాను. సెలవు రాస్తే పనికి వెళ్ళకూడదు కాని, తలుపు దగ్గర నిలబడకూడదని ఎక్కడా లేదు. రెండు చేతులూ కడుక్కుని, జుట్టుకి నూనె రాయకుండా వెళ్తాను.

కెజియా, ఈ కాగితాలు నీకే. మీ ఇంట్లో తడి తగలని చోట దాచు. ఎవరికీ చూపించకు. నేను బతికుండగా నన్ను మంచిదాన్ని చేయడానికి చూపించకు. నేను పోయాక నన్ను గొప్పదాన్ని చేయడానికి చూపించకు. అయ్యగారు ఉండగా అసలే వద్దు. ఆయన అక్క చీరలు ఇంకా మడతపెట్టే ఉన్నాయి.

ఎప్పుడైనా తలుపు దగ్గర నిలబడేవాళ్ళు లేకపోతే, కాగితాలు తీయమాక. నువ్వు వెళ్ళి నిలబడు.